తెర వెనుక పడిన పాచిక

రవూఫ్ చేసిన మోసం ఇద్దరికి తెలిసిపోయింది. తెలిసిపోయిందన్న సంగతి రవూఫ్‌కు మాత్రం తెలియదు. కథ అక్కడ ఆగింది.

పోయిన శుక్రవారం, ఆట అయిపోవస్తున్న వేళ, మహ్రూస్ ఖాళీ టీగ్లాసులు తీయడానికి లేచి బల్లకు అటువైపు వెళ్లాడు. రవూఫ్ తన ముందు అడ్డంగా నిలబెట్టుకున్న తావ్లా ఆట చెక్కపెట్టె వెనక, ఇరవై ముఖాల పాచిక పడినచోటే పడి ఉంది. దాని నెత్తిన రెండు అంకె. అంతకు క్షణం ముందే రవూఫ్, "పధ్నాలుగు. జుముర్రుద బతికింది," అని ఆటలోని పాత్ర గురించి చెప్పాడు. మహ్రూస్ ఆ అంకె చూశాడు. గ్లాసులు కడిగి బోర్లించి, మెట్లు దిగాక ఇనాస్ చెవిన వేశాడు.

ఈ శుక్రవారం అలెగ్జాండ్రియా మీద ఖాసిమ్ అనే గాలివాన విరుచుకుపడింది. ఏటా డిసెంబరులో వచ్చేదే. అయినా ఈసారి సముద్రం గోడ దాటి రోడ్డెక్కిందనీ, రేవు మూసేశారనీ పొద్దుటి నుంచి చెప్పుకుంటున్నారు. కాంప్ సీజర్ పేటలో రవూఫ్ ఉండే మూడో అంతస్తు ఇంట్లో కిటికీ రెక్కలు గడియ వేసినా టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. జుమా నమాజు నుంచి రాగానే అతను బల్ల తుడిచాడు. పటాలు పరిచాడు. తావ్లా పెట్టె తెరిచి నిలబెట్టాడు. ఆట మూడింటికి. రెండు కాకముందే తలుపు చప్పుడైంది.

వచ్చింది ఇనాస్. షాత్బీలో పళ్ల డాక్టరు. ఆమె కోటు విప్పలేదు. తడి గొడుగు గోడకు ఆనించి తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, ఆ చెక్కపెట్టెను ఒక్క చేత్తో పడుకోబెట్టింది. ఆమె వెనకాల మహ్రూస్, కాఫీగింజలు వేయించి అమ్మే ఆ భారీ మనిషి, బూట్లు విప్పుకోవడానికి పట్టేదానికంటే చాలా ఎక్కువసేపు గుమ్మంలోనే వంగి ఉన్నాడు.

"పోయిన వారం పాచిక మీద ఎంత పడింది?" అంది ఇనాస్.

"పధ్నాలుగు," అన్నాడు రవూఫ్. అంటూ మహ్రూస్ వైపు చూశాడు. మహ్రూస్ తన బూటు వైపు చూస్తున్నాడు.

"రెండు," అంది ఇనాస్.

రవూఫ్‌కు సిగ్గు తర్వాత వచ్చింది. ముందు, వీళ్లకు ఎంతవరకు తెలుసు, ఒక్కసారేనా, మూడూ తెలుసా అన్న ఆరా పుట్టింది. అలా ఆరా తీస్తున్న తన మనసును చూసుకున్నాక సిగ్గు వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఏడేళ్లుగా ప్రతి శుక్రవారం ఈ బల్ల చుట్టూ ఒకే కథ నడుస్తోంది. రవూఫ్ బడిలో భూగోళం చెప్పే మాస్టారు. ఇక్కడ కథ నడిపేవాడు. మునిగిపోయిన రాజ్యం, ఉప్పు కోటలు, దొంగ పడవలు, ఆ లోకమంతా అతను అల్లిందే. మిగిలినవాళ్లు అందులో తలా ఒక పాత్ర. నేను ఈ గోడ ఎక్కుతాను, నేను ఆ కాపలావాడికి లంచమిస్తాను అని వాళ్లు చెబుతారు. అది నెగ్గుతుందో లేదో తేలని చోట పాచిక తేలుస్తుంది. మొదటిరోజే రవూఫ్ చావు గురించి అందరికీ ఒక మాట ఇచ్చాడు. మీ పాత్ర చావవచ్చు, కానీ చెప్పాపెట్టకుండా చావదు. ప్రమాదం ఎంతో పాచిక వెయ్యకముందే చెబుతాను. వెనక్కి తగ్గే దారి ఉంటే అదీ చెబుతాను. ఎంచుకునేది మీరు. ఆ తర్వాత పాచిక బల్ల నడుమ, అందరి కళ్ల ముందు పడుతుంది. పడింది పడినట్టే.

ఆ మాట ప్రకారమే రెండేళ్ల క్రితం ఇనాస్ పాత్ర మర్జాన్ పోయాడు. ఐదేళ్లు ఆమె మాట, ఆమె కోపం, ఆమె నవ్వు పోసి పెంచిన విలుకాడు. వంతెన వదిలి పారిపొమ్మని రవూఫ్ రెండుసార్లు హెచ్చరించి చూశాడు. అవతలి గట్టున పిల్లలున్నారని ఆమె కదలలేదు. పాచిక మీద మూడు పడింది. మరుసటి శుక్రవారం ఆమె కొత్త పాత్ర రాసుకుని, నువ్వుల బిస్కెట్ల పొట్లం పట్టుకుని ఎప్పటిలాగే వచ్చింది.

"మర్జాన్ పోయినప్పుడు ఇంటికెళ్లి ఏడ్చాను," అంది ఇప్పుడు. "నీ మీద మాత్రం ఒక్కరోజు కోపం రాలేదు. ఎందుకో తెలుసా? అది నా కళ్ల ముందు పడింది. నువ్వు చంపలేదు, నువ్వు కాపాడనూలేవు అని నమ్మాను. ఇప్పుడు తెలిసింది, కాపాడగలవని. మరి నా వాణ్ని ఎందుకు కాపాడలేదు?"

రవూఫ్ దగ్గర దానికి జవాబు ఉంది. అది వేరొకరి గుట్టు కావడం వల్ల ఎనిమిది నెలలుగా మింగి కూర్చున్నాడు. ఇక మింగడం కుదరలేదు.

కెప్టెన్ ఫిక్రీ ఈ బల్ల దగ్గర అందరికంటే పెద్దవాడు. నలభై ఏళ్లు రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపిన మనిషి. ఫిబ్రవరిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. వేసవికల్లా కుడిచెయ్యి స్వాధీనంలోకి వచ్చింది, వంకరపోయిన మూతి పూర్తిగా సర్దుకుంది. మాటే సర్దుకోలేదు. కుర్చీ అనబోయి కత్తెర అంటాడు. భార్యను పిలవబోయి సగం పేరు దగ్గర ఆగి, గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. అదే మనిషి ఈ బల్ల దగ్గరికి వచ్చి తన పాత్రలోకి దిగాడా, ఇక ఆపేవాడు ఉండడు. జుముర్రుద అనే ఆ దొంగరవాణా ముసలమ్మ నోట్లో నోరు పెట్టి గెలిచినవాడు ఆ మునిగిన రాజ్యంలోనే లేడు. తిట్లూ సామెతలూ బేరాలూ ధారగా వచ్చేవి. అది ఎలా సాధ్యమో వైద్యుడు చెప్పలేకపోయాడు. చెప్పింది ఒక్కటే, ఆ ఆట మాన్పించకండని.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఫిక్రీ భార్య నాజిక్ రవూఫ్ పనిచేసే బడి గేటు దగ్గరికి వచ్చింది. పిల్లలంతా వెళ్లేదాకా ఎండలో నిలబడింది. అతను ఎంత బతిమాలినా లోపలికి రాలేదు.

"ఆ ముసల్ది చస్తే నా మొగుడు మూగవాడైపోతాడు నాయనా," అంది. "దాన్ని చావనివ్వకు. ఈ మాట ఆయనకు తెలియనివ్వకు."

ఆ శుక్రవారమే రవూఫ్ తావ్లా పెట్టె తెచ్చి నిలబెట్టాడు. కాగితాల్లో రహస్యాలున్నాయి, మీరు తొంగిచూస్తున్నారు అని నవ్వుతూ సాకు చెప్పాడు. అప్పట్నుంచి పాచిక దాని వెనకే పడుతోంది. జుముర్రుద మూడుసార్లు చావాల్సింది. మూడుసార్లూ రవూఫ్ వేరే అంకె చదివాడు. మొదటిసారి అతని చెవులు వేడెక్కాయి. మూడోసారి ఏమీ కాలేదు. అదే అతన్ని భయపెట్టింది. ఇంకొకటి కూడా గమనించాడు. జుముర్రుదకు తెగింపు పెరిగిపోతోంది. నిప్పులోకి దూకుతోంది, ఏ హెచ్చరికా వినడం లేదు. చావు లేదని తెలిసినదానిలా నడుస్తోంది.

అంతా విన్నాక ఇనాస్ కోటుతోనే కూర్చుంది. కోపం తగ్గలేదు గానీ దారి మార్చుకుంది.

"ఆయన్ని అడిగావా?"

"ఎలా అడగను ఇనాస్? ఏమని అడగను?"

మహ్రూస్ అప్పటికి బల్ల దాకా వచ్చాడు. "నిదానం డాక్టరమ్మా. మాస్టారు కొంపలు కూల్చలేదు. కాస్త జాలిపడ్డాడు, అంతేగా."

"జాలిపడితే మొహం మీదే పడొచ్చు. కెప్టెన్ పాత్రకు చావు వద్దని నలుగురి ముందూ అని ఉంటే నేను కాదనేదాన్నా? నువ్వు కాదనేవాడివా? ఆయనే కాదనేవాడేమో. అదీ ఆయన ఇష్టం." రవూఫ్ వైపు తిరిగింది. "ఇవాళ నీ నోటితో నువ్వు చెప్పు. చెప్పకపోతే నేను చెబుతాను."

ఒక్క వారం ఆగమన్నాడు రవూఫ్. ముందు నాజిక్‌తో మాట్లాడతానన్నాడు. గాలివాన రోజు, మనిషి తడిసి, అలిసి వస్తాడు, ఈరోజు వద్దన్నాడు. ఇనాస్ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. ఆ మాటలింకా గదిలో ఉండగానే మెట్ల మీద చేతికర్ర చప్పుడు మొదలైంది. లిఫ్ట్ పొద్దున్నే ఆగిపోయింది. కర్ర, అడుగు, ఆయాసం. మళ్లీ కర్ర. ఒక్కో అంతస్తుకూ ఆగుతూ ఆ చప్పుడు పైకి రావడం ముగ్గురూ కదలకుండా విన్నారు. ఎదురెళ్లి చెయ్యి అందించాలన్న సంగతి ఎవరికీ తోచలేదు.

ఫిక్రీ టోపీ తీసి నీళ్లు దులిపాడు. ముఖం పాలిపోయి ఉంది. తన కుర్చీలో కూర్చుని, మహ్రూస్ ఇచ్చిన టీ గ్లాసు చూసి, "ఉ... ఉప్పు," అన్నాడు. మహ్రూస్ మూడు చెంచాల చక్కెర వేసి కలిపాడు. ఒక్క గుక్క తాగి ముగ్గురి ముఖాలూ చూశాడు ఫిక్రీ. వెంటనే భుజాలు ముందుకు వంచి, ఒక కన్ను చికిలించి, జుముర్రుద అయిపోయాడు.

"ఏమర్రా, శవం లేచిన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు? చచ్చింది నేను కాదుగా. ఆ దీపం ఇంకాస్త దించండి, బావిలో నా కాలు అడుగుకు ఆననే లేదు."

పోయిన వారం ఆట అక్కడే ఆగింది. ఉప్పు కోట బావిలోకి తాడు పట్టుకుని దిగిన జుముర్రుదకు విషపు ముల్లు గుచ్చుకుంది. పధ్నాలుగు పడిందనీ, విషం ఎక్కలేదనీ రవూఫ్ చెప్పాడు.

"కెప్టెన్," అన్నాడు రవూఫ్. పటం మడతను చేత్తో సర్దాడు. "కెప్టెన్, ఆట మొదలుపెట్టే ముందు మీకొకటి చెప్పాలి."

చెప్పాడు. పడుకోబెట్టిన పెట్టె మీద అరచెయ్యి ఆనించి, తల ఎత్తకుండా చెప్పాడు. నాజిక్ పేరు మాత్రం తీయలేదు. చెబుతున్నంతసేపూ బయట గాలి ఎక్కడో ఒక రేకును పట్టుకుని లాగుతూనే ఉంది. ముగించేసరికి ఫిక్రీ భుజాలు మెల్లగా వెనక్కి వాలాయి. చికిలించిన కన్ను మామూలైంది. ఆ కుర్చీలో ఇప్పుడు జుముర్రుద లేదు.

"ఎన్ని?" అన్నాడు ఫిక్రీ.

"మూడుసార్లు."

"నా... నాజి..." పేరు సగంలో ఆగింది. రవూఫ్ పెట్టె మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అదే జవాబైంది.

ఫిక్రీ తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆయన ఏడుస్తాడనుకున్నాడు రవూఫ్. లేచి వెళ్లిపోతాడనుకున్నాడు. ఆయన మాట్లాడాడు. ఆ గొంతు ముసలమ్మది కాదు. పది నెలలుగా ఎవరూ వినని గొంతు, అలల మీదుగా ఓడల వాళ్లకు కేక వేసిన గొంతు.

"నలభై ఏళ్లు ఓడల్ని లోపలికి తెచ్చాను. ఒక్కనాడు సముద్రం నా మీద జాలిపడలేదు. అందుకే దాన్ని నమ్మాను. జాలిపడే సముద్రాన్ని నమ్మి ఓడెక్కితే అది ఎప్పుడు ముంచుతుందో తెలీదురా అబ్బాయ్." ఊపిరి తీసుకున్నాడు. "ఇంట్లో నా వెనకాల మాట్లాడుకుంటారు. ఆసుపత్రిలో నా తల మీదుగా మాట్లాడుకుంటారు. నాకేం కావాలని నన్ను అడిగేవాళ్లు లేరు. ఇక్కడొక్కచోటే నువ్వు నన్ను అడిగేవాడివి. కెప్టెన్, ఇది ప్రమాదం, ఏం చేస్తారు అని. అది కూడా ఉత్తుత్తిదేనా?"

ఒక్క మాట తడబడలేదు. ఒక్క మాట బదులు ఇంకో మాట పడలేదు. మహ్రూస్ టీ గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు, చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఇనాస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పు తనదే అయినా రవూఫ్ గుండెలో ఏదో పొంగింది. నాజిక్ పొరబడింది. ఈయన మాట ఆ ముసలమ్మ దగ్గర లేదు, ఈయన దగ్గరే ఉంది. ఈ సంగతి ఇప్పుడే ఆమెకు ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

ఫిక్రీ బల్ల మీదికి వంగి పాచికను తన ముందుకు లాక్కున్నాడు.

"బావి," అన్నాడు. "ముల్లు. మళ్లీ వెయ్యాలి."

వద్దన్నది ఇనాసే. ఇంతదాకా నిజం చెప్పి తీరాలని పట్టుబట్టిన మనిషి, ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని ఆయన్ని బతిమాలింది. ఇది న్యాయం కాదంది. ఈ ఎనిమిది నెలలూ మీకు చూపించిన ప్రమాదం అబద్ధం, అబద్ధాన్ని నమ్మి మీరు బావిలో దిగారు, కథను వెనక్కి తిప్పుదాం, బావి గట్టు మీద నిలబడి దిగాలో వద్దో మళ్లీ ఎంచుకోండి అంది. రవూఫ్ కూడా అదే మంచిదన్నాడు. అది తన వల్ల జరిగిన తప్పు కాబట్టి ఆ మాత్రం దిద్దుకోనివ్వమని అడిగాడు.

"దిగింది నేను," అన్నాడు ఫిక్రీ. "విషం ఉందని నువ్వు చెప్పావు. చెప్పాక దిగాను. అది అబద్ధం కాదుగా. ఎంత పడాలి?"

రవూఫ్ ఇనాస్ వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకుంది.

"పది గానీ, అంతకు మించి గానీ పడితే బతుకుతుంది," అన్నాడు రవూఫ్. "తొమ్మిదీ, ఆ కిందా పడితే విషం గుండెకెక్కుతుంది. వెనక్కి తగ్గే దారి కూడా ఉంది కెప్టెన్. ఇందాక ఇనాస్ చెప్పిందే."

"విన్నాను," అన్నాడు ఫిక్రీ.

కుడిచేత్తో పాచిక తీసుకున్నాడు. వేళ్ల మధ్య నుంచి జారింది. మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ జారింది. కోపంతో చెయ్యి వణుకుతోందనుకున్నాడు రవూఫ్. మూడోసారి గుప్పిట బిగించి, బల్ల నడుమ, నాలుగు జతల కళ్ల ముందు విసిరాడు. పాచిక పటం మీద దొర్లి, చక్కెర గిన్నెకు కొట్టుకుని, ఇటు తిరిగి ఆగింది.

నాలుగు.

ఎవరూ చదవలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. జుముర్రుద ఉప్పు కోట బావిలో, నడుముకు తాడుతో, చీకట్లో చచ్చిపోయింది. రవూఫ్‌కు దుఃఖం వచ్చింది. దాని అడుగున, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత తేలికగా కూడా ఉంది. ఎనిమిది నెలల తర్వాత ఈ బల్ల మీద మొదటిసారి ఒక నిజం పడింది.

ఈ బల్ల దగ్గర ఒక ఆచారం ఉంది. పాత్ర చనిపోతే, దాన్ని ఆడినవాళ్లు ఆ పాత్ర నోట ఆఖరి మాటలు చెబుతారు. ఎంతసేపైనా తీసుకోవచ్చు. చెప్పేదాకా మిగిలినవాళ్లు పలకకూడదు, కదలకూడదు, తొందరపెట్టకూడదు. మర్జాన్ ఆఖరి మాటలకు ఇనాస్ పావుగంట తీసుకుంది.

మహ్రూస్ తల వంచాడు. ఇనాస్ కోటు గుండీ పట్టుకుని కూర్చుంది. రవూఫ్ చేతులు కట్టుకున్నాడు. ఫిక్రీ చూపు పాచిక మీదే ఉంది. పెదవులు కొద్దిగా కదిలి ఆగాయి. ఆగి మళ్లీ కదిలాయి. మాటలు ఏరుకుంటున్నాడు అనుకున్నాడు రవూఫ్. అంతటి నోరున్న జుముర్రుద చివరగా ఏమంటుందో, ఎవర్ని తిడుతుందో, ఎవర్ని క్షమిస్తుందో. కిందెక్కడో ట్రామ్ గంట మోగింది. కిటికీ రెక్కల మీద వాన జడి హెచ్చి, తగ్గి, మళ్లీ హెచ్చింది. వాళ్లు మర్యాదగా ఎదురుచూస్తూనే ఉన్నారు.

ముందుగా తల ఎత్తింది ఇనాస్. రోజంతా మనుషుల నోళ్లలోకి చూసే పని ఆమెది. ఒక్క క్షణం ఆయన పెదవుల వైపు చూసింది. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, లేచి, ఆయన పక్కకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఆచారం తప్పుతోందని రవూఫ్ చెయ్యి ఎత్తబోయాడు. ఆమె ముఖం చూసి ఎత్తలేకపోయాడు.

"కెప్టెన్," అంది మెల్లగా. "నా వైపు చూడండి. పళ్లు కనిపించేలా ఒక్కసారి నవ్వండి."

ఫిక్రీ ఆమె వైపు తిరిగాడు. నవ్వాడు.

ముఖంలో ఎడమ సగమే నవ్వింది.